గరాజ్ మీద గది

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం ఉదయం తొమ్మిదింటికి కొండల్ రావు ఫోన్‌కి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. కరెంటు కంపెనీ ఆటోపే కింద ఆయన ఖాతాలోంచి రెండు వందల ముప్పై ఎనిమిది డాలర్లు తీసుకుంది. అంతకుముందు నెల దాకా తీసుకున్నది నూట అరవై నాలుగు.

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఆయన ఇల్లు కొని ఇరవై ఆరేళ్ళయింది. ఇంటి లోను తీరి తొమ్మిదేళ్ళు. డెబ్బై నాలుగు డాలర్లు పెరిగినందువల్ల ఆయనకు ఆగిపోయే పని ఏదీ లేదు. తనకు చెప్పకుండా పెంచారన్నది ఆయన అభ్యంతరం.

ఆయన వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి 1978లో అమెరికా వచ్చాడు. టెలిఫోన్ పరికరాల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళో తెలుగువాళ్ళకు బిల్లు ఎక్కువొస్తే ఆయన్ని అడిగేవారు. రెండు కుటుంబాలకు నీళ్ళ బిల్లు తగ్గించి పెట్టాడు. తన ఇంటి కరెంటుకు మాత్రం నాలుగేళ్ళ కిందట సమాన వాయిదాల పద్ధతి పెట్టుకున్నాడు. ఏడాది వాడకాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా ఒకే మొత్తం తీసుకుంటారు. ఏడాదికోసారి లెక్క సరిచూసి ఆ మొత్తం మారుస్తారు. ఆ పద్ధతిలో చేరాక ఆయన బిల్లు తెరిచి చూడటం మానేశాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే నలభై నిమిషాల తర్వాత డెనీస్ అనే ఆమె లైనులోకి వచ్చింది. రేటు కొద్దిగా పెరిగిందని, అసలు సంగతి అది కాదని, ఇంట్లో వాడకం పెరిగిందని చెప్పింది. మా ఇంట్లో పెరగదు, మీ మీటరు చూసుకోండి, అన్నాడు కొండల్ రావు. మీటరు పరీక్ష చేయించమని, అది తేలేదాకా పెంపుమీద డిస్ప్యూట్ నమోదు చేయమని అడిగాడు. డెనీస్ నమోదు చేసి నంబరు ఇచ్చింది. ఆయన రాసుకున్నాడు.

ఫోన్ పెట్టేసి భార్య ప్రమోదను అడిగాడు.

"పోయిన నెల దాకా లేనిది ఇప్పుడేం వచ్చింది? ఇంట్లో ఏం మారింది?"

"ఏం మారలేదు. అదే ఫ్రిజ్జు, అదే మీరు."

"ఒకటి మారింది," అని ఆయన తల ఎత్తి పైకప్పు వైపు చూశాడు.

"ఏవండీ," అంది ప్రమోద. "ఆ మాట ఇక్కడితో ఆపెయ్యండి."

పైన గదిలో ఉన్నది రత్నం. కోడలు స్రవంతి తల్లి. ఖమ్మంలో హైస్కూలు టీచరుగా చేసి రిటైరయింది. భర్త లేడు. మార్చి ఇరవైకి స్రవంతి డెలివరీ అన్నారు కాబట్టి జనవరి తొమ్మిదిన వచ్చింది. కొడుకు ఆశిష్, స్రవంతి మోరిస్‌విల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. రెండు బెడ్‌రూముల్లో ఒకటి ఆశిష్ ఆఫీసు. స్రవంతి పొద్దున పోతే సాయంత్రం వస్తుంది. ఆశిష్ తలుపు వేసుకుని పనిచేసుకుంటే మూడో అంతస్తులో రత్నం ఒక్కతే ఎందుకని, పురుడు వచ్చేదాకా మా ఇంట్లో ఉండమని ప్రమోదే తీసుకొచ్చింది.

ఆమెకు ఇచ్చిన గది గరాజ్ మీద ఉంది. అక్కడి ఇళ్ళలో అలాంటి గదులు మామూలే. మూడు వైపులా బయటి గోడలే, అడుగున వేడిని అటూ ఇటూ పోనివ్వని మందపాటి గరాజ్ కప్పు, కాబట్టి ఆ గది చల్లగా ఉంటుంది. ఇల్లంతా గ్యాసు మీద వేడెక్కుతుంది. కొండల్ రావు దాన్ని అరవై ఆరు దగ్గర పెడతాడు, సెంటీగ్రేడ్‌లో పందొమ్మిది. పై గదిలోకి వచ్చేసరికి అది పధ్నాలుగో, పదిహేనో అవుతుంది. రత్నం వచ్చిన రోజు ఆయనే స్టోర్లోంచి నూనె హీటరు తీసి, తుడిచి, ప్లగ్గుకు పెట్టి, "చలేస్తే వేసుకోండి చెల్లెమ్మా, మొహమాటపడొద్దు," అన్నాడు.

గురువారం ఉదయం ప్రమోద సీనియర్ సెంటర్లో యోగా క్లాసుకు వెళ్ళింది. రత్నం వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కొండల్ రావు టీ కప్పు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"పైన హీటరు బాగా పనిచేస్తోందా చెల్లెమ్మా?"

"చేస్తోంది అన్నయ్యగారూ."

"రాత్రంతా ఉంటుందా?"

ఆమె చేతిలోని కాయ పళ్ళెంలో పెట్టింది. "లేదండీ. పడుకునే ముందు గంటసేపు వేస్తాను. తర్వాత తీసేస్తాను."

"ఏం లేదు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చింది. కంపెనీవాళ్ళతో డిస్ప్యూట్ చేస్తున్నా. వాళ్ళు అన్నీ అడుగుతారు. అందుకని."

"అవును. అడుగుతారు," అంది రత్నం.

"మీ హీటరుకి చిన్న మీటరు పెడతాను. ఎన్ని యూనిట్లు కాలిందో అదే చెప్తుంది. వాళ్ళకి ప్రూఫ్ చూపిస్తే నోరు మూస్తారు."

"పెట్టండి అన్నయ్యగారూ."

ఆయన సొరుగులోంచి ప్లగ్గుకు తగిలించే మీటరు తీసుకుని పైకి వెళ్ళాడు. ఆమె వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మంచం మీద రెండు దుప్పట్లు, వాటి మీద శాలువా మడత పెట్టి ఉన్నాయి. ఆయన వంగి హీటరు ప్లగ్గు ఊడదీసి, మధ్యలో మీటరు పెట్టి, అంకె సున్నాకు తెచ్చాడు. ఆ పనికి రెండు నిమిషాలు పట్టింది. 

సాయంత్రం కంపెనీ వెబ్‌సైటులో ఫిర్యాదు రాశాడు. మూడు పేజీలయింది. అందులో ఒక వాక్యం ఇది: జనవరి 9 నుంచి ఒక బంధువు మా ఇంట్లో ఉంటున్నారు, ఆమె హీటరు వాడకాన్ని విడిగా కొలుస్తున్నాను.

ప్రమోదకు ఈ సంగతి చెప్పలేదు. రత్నం కూడా చెప్పలేదు.

శనివారం నళిని వచ్చింది. వాళ్ళ వీధిలోనే ఉంటుంది, ఫార్మా కంపెనీలో పనిచేస్తుంది, కరివేపాకు కోసం వచ్చింది. క్యారీలో సగం తెలుగు ఇళ్ళలో ఉన్న కరివేపాకు మొక్కలు కొండల్ రావు ఇచ్చిన పిలకలే. ఎనిమిది కుండీలున్నాయి. మంచు పడితే చచ్చిపోతాయి కాబట్టి ఏటా చలికాలంలో ఇంట్లో, వెనక అద్దాల గదిలో పెట్టేవాడు. పోయిన ఏడు వాటికి పురుగు పట్టి సోఫా దాకా పాకింది. ఇంట్లో పెడితే మొక్కలైనా ఉండాలి, నేనైనా ఉండాలి అంది ప్రమోద. అందుకని ఈసారి గరాజ్‌లో పెట్టాడు. హీటరు ఒకటి కొని, చలి పెరిగితే తనంతట తాను వెలిగేలా అమర్చి, మొక్కలకు తెల్ల లైట్లు కట్టాడు.

నళిని గరాజ్‌లోకి అడుగుపెట్టి జాకెట్ జిప్పు తీసింది.

"అబ్బ, అంకుల్! మా ఇంట్లో కూడా ఇంత వెచ్చగా ఉండదు. నేను కూడా ఒక కుండీలో కూర్చుంటా."

"కూర్చో. కానీ ఆకులు ఇవ్వాలి," అన్నాడు కొండల్ రావు.

నళిని నవ్వింది. ఆయన రెండు కొమ్మలు ఎక్కువే కోసి ఇచ్చాడు.

మంగళవారం పొద్దున రత్నం స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన పైకి వెళ్ళి మీటరు చూశాడు. అయిదు రాత్రులకు అంకె సున్నా మీద ఉంది. ఒక్క యూనిట్ కాదు కదా, అందులో పదో వంతు కూడా కాలలేదు. చూశావా, అడగ్గానే ఆగిపోయింది, అనుకున్నాడు. ఆ అంకెకు ఫోటో తీశాడు. కిందికి దిగుతుంటే బాత్‌రూంలోంచి దగ్గు వినిపించింది.

బుధవారం రత్నం ప్రమోదతో, అమ్మాయికి కాళ్ళు వాస్తున్నాయట, దగ్గరుంటే బాగుంటుంది వదినగారూ, అంది. ఆశిష్ వచ్చి పెట్టె కారులో పెట్టాడు. వెళ్ళేముందు రత్నం గది ఊడ్చి, దుప్పట్లు మడిచి, హీటరు తీగ చుట్టి పక్కన పెట్టింది. కొండల్ రావుకు వెళ్ళొస్తానని చెప్పింది. ఆయన జాగ్రత్త అన్నాడు.

మరుసటి సోమవారం డెనీస్ ఫోన్ చేసింది. మీటరు పరీక్ష అయిందని, సరిగ్గా ఉందని చెప్పింది. ఆయన దగ్గర ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె అవి అయ్యేదాకా విని, గంట గంటకూ ఎంత కాలిందో తన ఎదుట ఉందని, కావాలంటే ఇద్దరం కలిసి చూద్దామని అంది.

ఆయన కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచాడు. నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

నవంబరు తొమ్మిది సాయంత్రం అయిదింటికి చూడమంది. అప్పటిదాకా గంటకు ఒక యూనిట్ లోపు ఉన్న గీత, ఆ గంట నుంచి ఒకటిన్నర యూనిట్లు పైకి లేచింది. పగలూ రాత్రీ అక్కడే ఉంది. డిసెంబరంతా అక్కడే ఉంది. పెద్ద హీటరు ఏదైనా ఆగకుండా నడిస్తే ఇలా ఉంటుంది సర్, అంది డెనీస్.

తర్వాత ఆమె ఆయన ఫిర్యాదులోని వాక్యం చదివింది. మీ బంధువు జనవరి తొమ్మిదిన వచ్చారని రాశారు, ఆ రోజు దగ్గర నాకు మార్పేమీ కనపడటం లేదు, అంది. రాత్రి తొమ్మిది నుంచి పది దాకా మాత్రం కాస్త పెరిగింది. రోజూ అదే గంట. ఫిబ్రవరి పదమూడు నుంచి అది కూడా లేదు. ఆమె బాగానే ఉన్నారా సర్?

కొండల్ రావు బాగానే ఉన్నారని చెప్పాడు. డిస్ప్యూట్ మూసేయమంటారా అని అడిగితే మూసేయమన్నాడు.

నవంబరు తొమ్మిది శనివారం. కుండీలు గరాజ్‌లోకి మార్చిన రోజు. ఆయన క్యాలెండర్ చూసుకోనక్కర్లేకపోయింది.

గరాజ్‌లోకి వెళ్ళాడు. హీటరు ఎర్ర లైటు వెలుగుతోంది. చలిని కొలిచే తీగ మొనను ఆయన కుండీల మధ్య గోడకు క్లిప్పుతో పెట్టాడు. క్లిప్పు ఆ రోజే ఊడినట్టుంది, తీగ కిందికి జారి, గరాజ్ తలుపు అడుగున సందు దగ్గర పడి ఉంది. బయటి గాలి దాని మీదికి వస్తోంది. ఎంత వేడి చేసినా దానికి చలే తెలుస్తుంది. హీటరు మూడున్నర నెలలుగా ఆగలేదు. ఆయన ఒక కుండీలో మట్టి మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. తల ఎత్తితే పైన ఆ గది నేల.

ప్లగ్గు పీకేసి లోపలికి వచ్చి ప్రమోదకు అంతా చెప్పాడు. మీటరు సంగతి కూడా. ప్రమోద గిన్నెలు తుడుస్తూ విన్నది. మధ్యలో తుడవడం ఆపింది.

"వియ్యపురాలి గదిలోకి వెళ్ళి మీటరు పెట్టారా?"

"అడిగే పెట్టాను."

"ఆవిడ వద్దంటుందా? కూతుర్నిచ్చిన ఇల్లు. మీరు మంచం తీసేస్తానన్నా సరే అంటుంది." గుడ్డ పక్కన పెట్టింది. "దగ్గుతోందని నేను మిరియాల పాలు ఇచ్చాను. తాగింది. ఒక్క మాట అనలా."

"నువ్వు కూడా రా. వెళ్ళి చెప్పొద్దాం."

"నేనెందుకు? పెట్టేటప్పుడు నేను లేను కదా. మీరే వెళ్ళండి."

ఆయన ఒక్కడే వెళ్ళాడు. మోరిస్‌విల్ పదిహేను నిమిషాలు. దారిలో రెండు మాటలు కూర్చుకున్నాడు, మళ్ళీ మార్చుకున్నాడు. మూడు అంతస్తులూ మెట్లెక్కి తలుపు కొట్టాడు. అయిదున్నర అయింది.

తలుపు రత్నం తీసింది. "రండి అన్నయ్యగారూ. వదినగారు రాలేదా?"

ఆశిష్ లాప్‌టాప్ మూసి లేచాడు. "డాడ్, ఎవ్రీథింగ్ ఓకే? ఫోన్ చేయలేదు?"

"ఓకే. ఊరికే వచ్చాను."

స్రవంతి సోఫాలో కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఉంది. దించబోతే ఆయన వద్దన్నాడు.

"కూర్చోండి మామయ్యా. అమ్మ టీ పెడుతుంది. మీరు ఊరికే వచ్చారంటే ఇక్కడ ఏదో బల్బు ఎక్కువ వెలుగుతోంది," అంది స్రవంతి. అది వాళ్ళింట్లో పాత హాస్యం. ఆశిష్ నవ్వాడు. రత్నం స్టౌ వైపు తిరిగి గిన్నె పెట్టింది.

"చెల్లెమ్మా," అన్నాడు కొండల్ రావు.

"కంపెనీవాళ్ళతో పని అయిందా అన్నయ్యగారూ?" అంది ఆమె తిరగకుండానే.

"అయింది."

"మంచిది. అయితే ఇక దాని గురించి అనుకోవాల్సిన పని లేదు." ఆమె టీ పొడి వేసింది. "చక్కెర ఒక చెంచానే కదా మీకు?"

అక్కడ ఆపేయమని ఆమె చెబుతోందని ఆయనకు అర్థమైంది. ఆపితే మోసం చేసినట్టవుతుందనిపించింది.

"తప్పు నాది చెల్లెమ్మా. గరాజ్‌లో మొక్కల హీటరు ఆగకుండా నడిచింది. మీరు వాడినదానివల్ల కాదు. నేను మిమ్మల్ని అడిగి ఉండకూడదు. ఆ మీటరు పెట్టి ఉండకూడదు."

"ఏ మీటరు?" అంది స్రవంతి.

"ఏం లేదే," అంది రత్నం.

"ఏ మీటరు మామయ్యా?"

ఆయన చెప్పాడు. బిల్లు ఎంత పెరిగిందో చెప్పాడు, రోజు చెప్పాడు, అయిదు రాత్రులు చెప్పాడు, సున్నా చెప్పాడు. ఫోటో తీసినట్టు కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ స్టూలు మీద ఉన్న కోడలి కాళ్ళ వైపు చూశాడు. అవి నిజంగానే వాచి ఉన్నాయి.

"డాడ్. సీరియస్‌లీ?" అన్నాడు ఆశిష్. "ఆంటీ హీటర్ మీద మీటర్ పెట్టావా? ఫర్ సెవెంటీ బక్స్? నాకు చెప్తే నేను పే చేసేవాణ్ణి కదా."

"డబ్బు కోసం కాదు."

"మరి ఎందుకు?"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేశాడు.

స్రవంతి తల్లి వైపు చూసింది. "నా కాళ్ళు వాచాయని వచ్చానన్నావు."

"వాచాయి కదా."

"అమ్మా, నువ్వు రాత్రిళ్ళు నిద్రలో కూడా దగ్గుతున్నావు."

స్రవంతి సోఫా చెయ్యి పట్టుకుని లేచింది. ఆశిష్ చెయ్యి ఇవ్వబోతే అక్కర్లేదంది. బెడ్‌రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆశిష్ తండ్రిని ఒకసారి చూసి ఆమె వెనకే వెళ్ళాడు.

రత్నం స్టౌ కట్టేసింది. టీ పొంగలేదు.

"నాకొక్కదానికి చెబితే సరిపోయేది అన్నయ్యగారూ. దాని ముందు ఎందుకు చెప్పారు?"

"దాచకూడదనిపించింది."

"దాచింది నేను. మీరు కాదు." ఆమె గొంతు పెంచలేదు. క్లాసులో చివరి బెంచీతో మాట్లాడినట్టు ఒక్కో మాట విడిగా అంది. "చలి అంటే నాలుగు రోజులు దుప్పటి కప్పుకుంటే పోతుంది. నేను ఆరు నెలలకి వెళ్ళిపోతాను. అది మీ గుమ్మం ఎక్కాలి, దిగాలి. రేపు పిల్లనెత్తుకుని మీ ఇంటికి వచ్చినప్పుడల్లా దానికి ఈ మీటరే కనపడుతుంది. అది కనపడకూడదనే నేను ఎవరికీ చెప్పలా. మీకు బరువు దిగింది. దాని మీద పెట్టిపోతున్నారు."

కొండల్ రావు నిలబడే ఉన్నాడు. ఆయన వయసు డెబ్బై. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఆయనతో ఎవరూ అలా మాట్లాడలేదు. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

ఆమె లోపలి తలుపు వైపు చూసింది. గోడ వెనక స్రవంతి ఏదో అంటోంది, ఆశిష్ ఔననో కాదనో అంటున్నాడు. రత్నం చేతులు కడుక్కుని, తుడుచుకుని, సోఫా పక్కనున్న పెట్టె తీసింది.

"పదండి."

"ఎక్కడికి?"

"మీ ఇంటికి. నేను ఇక్కడే ఉంటే రోజూ ఇదే మాట. అక్కడుంటే, అమ్మే పోయి ఉంటోంది, నాకేంటి అనుకుంటుంది. నాలుగు రోజులకి సర్దుకుంటుంది."

బెడ్‌రూం తలుపు మీద రెండుసార్లు తట్టి, "వదినగారు ఒక్కరే ఉన్నారంట. వెళ్తున్నా. రేపు పొద్దున్నే వస్తా. టీ గిన్నెలో ఉంది, వేడి చేసుకోండి," అంది.  ఆమె మళ్ళీ తట్టలేదు.

పెట్టె ఆయన పట్టుకున్నాడు. మూడు అంతస్తులు దిగేటప్పుడు రెండుసార్లు ఆగాల్సివచ్చింది. పెట్టె బరువువల్ల కాదు. ఆమె దగ్గుకోసం ఆగింది, ఆమెతోపాటు ఆయన ఆగాడు.

కారు హైవే ఎక్కాక ఆయన అన్నాడు. "పైన గది వద్దు చెల్లెమ్మా. కింద నా ఆఫీసు గది ఉంది. ఈ రాత్రే ఖాళీ చేస్తాను. మంచం కిందికి తెస్తాను."

"మీ కంప్యూటరు, ఫైళ్ళు?"

"పైకి తీసుకెళ్తాను."

"అక్కడ చలి," అంది రత్నం.

ఆమె నవ్విందేమోనని చూశాడు. రోడ్డు వైపు చూస్తోంది. శాలువా భుజాల చుట్టూ పట్టుకుని ఉంది.

"ఇప్పుడు చలిగా ఉందా మీకు?"

బాగానే ఉందంటుందని అనుకున్నాడు. ఆమె కొంచెంసేపు ఆలోచించింది.

"ఉంది."

ఆయన కారు హీటరు మీట తిప్పాడు. గాలి వేడెక్కడానికి ఒక నిమిషం పట్టింది.

"చాలా?"

"ఇంకొంచెం."

ఇంకా తిప్పాడు. సిగ్నల్ దగ్గర ఆగారు. ఆయన జాకెట్ వేసుకుని ఉన్నాడు. మెడ దగ్గర చెమట పట్టింది. సీటు బెల్టు తీయకుండా జాకెట్ విప్పడం కుదరదు, కిటికీ దించితే చలి ఆమె వైపు వస్తుంది.

"ఇప్పుడు?"

"ఇంకా పెంచండి," అంది రత్నం.

మీటను చివరిదాకా తిప్పాడు.